దూరదేశపు పనివాడును అతని యిల్లును

ధ్యాన భాగము: ఆదికాండము 30వ అధ్యాయము 25వ వచనము మొదలుకొని 31వ అధ్యాయము చివర వరకు



యాకోబు హారానులో పదునాలుగు సంవత్సరములు పనిచేసిన పిమ్మట తన మామయైన లాబానును ఒక ప్రశ్న అడిగెను. అది ముప్పదియవ అధ్యాయము ముప్పదియవ వచనములో నున్నది. బైబిలు తెరచి చదువుకొనుడి. నీ మంద నా చేతిక్రింద బహుగా పెరిగినది, బాగుగానే యున్నది, అయితే నా సొంత యింటికి నేను ఎప్పుడు చేసికొందును అని దాని భావము. లాబాను దానికి సూటిగా జవాబు చెప్పలేదు. నీకేమి ఇయ్యవలెను అని మాత్రము అడిగెను. ఇంటిని గూర్చి అడిగిన వానికి జీతమును గూర్చి జవాబు వచ్చెను.

యాకోబు చేతికఱ్ఱ తప్ప మరేమియు లేక ఇల్లు విడిచి బయలుదేరినవాడు. బేతేలులో రాతిమీద తల పెట్టి పండుకొని లేచినప్పుడు అతడు దేవుని అడిగినది మేడలు కాదు, మాన్యములు కాదు. తినుటకు తిండి, కట్టుకొనుటకు బట్ట, క్షేమముగా తండ్రి యింటికి తిరిగి వచ్చుట. ఈ మూడే. ఇంటినుండి దూరదేశమునకు పనికి పోవు ఏ మనుష్యుని ప్రార్థన యైనను, పైపై మాటలు తీసివేసినయెడల, ఈ మూడింటి దగ్గరకే వచ్చును.

ఈ ప్రార్థన మన రాయలసీమ యిండ్లలో నేటికిని ప్రతి రాత్రి జరుగుచున్నది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగిన తరువాత అరబ్బు దేశములలో రోడ్లు, మేడలు, కర్మాగారములు లేవసాగెను. ఆ పనులకు మనుష్యులు కావలసి వచ్చిరి. రాజంపేట, రాయచోటి, పీలేరు, మదనపల్లె ప్రాంతములనుండి జనులు కువైటునకు దారి పట్టిరి. మొదట ఒక అన్న పోవును, అతడు తమ్మునికి వీసా పంపును, తమ్ముడు బావమరదికి పంపును. ఈ విధముగా ఊరికి ఊరే ఒక పట్టణములోని ఒక వీధికి చేరిన సంగతి కలదు. పురుషులు మాత్రమే గాక స్త్రీలును పరుల యిండ్లలో పనిచేయుటకు పోయిరి, పోవుచున్నారు. ఆ తల్లుల సంగతి వేరుగా వ్రాయదగినంత పెద్దది గనుక దానిని ఇప్పుడు ముట్టుకొనము. ఈ నెల మేము ధ్యానింపగోరునది చేతిపని నేర్చి పోయిన సహోదరుని గూర్చి, అనగా ఎలక్ట్రీషియను, వెల్డరు, ఏసీ మెకానిక్కు మొదలైన వానిని గూర్చి, మరియు అతడు విడిచి పోయిన యింటిని గూర్చియే.

తిరుచానూరు అనగానే అందరికి పద్మావతీ అమ్మవారి ఆలయము జ్ఞాపకమునకు వచ్చును. దేశపు నలుమూలలనుండి యాత్రికులు వచ్చు ఊరు అది. వచ్చువారిని చూచుటకు అలవాటుపడిన ఊరిలో, పోవువారు ఎవరికిని కనబడరు. తిరుపతిలో మద్రాసు బస్సు ఎక్కువారందరు ఒక్కలాగే యుందురు గదా. వారిలో ఒకడు గళ్ల సంచిలో ఊరగాయ జాడీ, చిన్న బైబిలు, తన పనిముట్లలో ఇష్టమైనవి రెండు పెట్టుకొని విమానమునకు పోవుచున్నాడని ప్రక్కన కూర్చున్నవానికి తెలియదు.

ఆ ఏసీ మెకానిక్కు పని ఎట్టిదో కొంచెము తెలిసికొనవలెను. చల్లని గదిలో కూర్చుండు పని అని మన పల్లెలలో కొందరనుకొందురు. శీతల యంత్రము చలిని పుట్టించునది కాదు. అది గదిలోని వేడిని పట్టి వెలుపలికి మోసికొనిపోయి పారబోయునది. ఆ వేడి పారబోయబడు చోటు మేడ పైకప్పు. యంత్రము చెడినప్పుడు మెకానిక్కు మోకాళ్లూని కూర్చుండవలసినది ఆ చోటనే. క్రింద నున్న గదిలో ఒక కుటుంబము చల్లగా నిద్రించుటకు ఇతడు పైన ఎండలో రాగి గొట్టమును కాల్చి అతుకుచుండును. మన ప్రాంతములో మే నెలలో 43, 44 డిగ్రీలు రాగానే తాళలేమని మొరపెట్టెదము. 2016 జూలై 21వ తేదీన కువైటులోని మిత్రిబా అనుచోట 53.9 డిగ్రీలు నమోదయ్యెను. ప్రపంచ వాతావరణ సంస్థ ఆ లెక్కను పరీక్షించి ఒప్పుకొనెను. జూన్ 1 మొదలు ఆగస్టు 31 వరకు పగలు పదునొకండు గంటలనుండి నాలుగు గంటలవరకు ఆరుబయట పని చేయింపరాదని ఆ దేశములో నియమము కలదు. మంచి నియమమే. కాని యంత్రములు ఎక్కువగా చెడునది ఆ గంటలలోనే.

యాకోబు లాబానుతో చెప్పిన మాటలను ఇప్పుడు చదువుడి: ముప్పది యొకటవ అధ్యాయము నలువదియవ వచనము. పగలు వేడిమికి, రాత్రి చలికి తాను నలిగిపోయిన సంగతియు, కంటికి నిద్ర దూరమైన సంగతియు అతడు చెప్పుచున్నాడు. ఎడారి ఎరిగిన వానికే ఆ రెండును కలిపి చెప్పుట వచ్చును. ఎండకాలములో కాలిపోవు ఆ నేలయే జనవరి రాత్రులలో వణికించును. మన సహోదరులు ఈ వచనమును చదువునప్పుడు వ్యాఖ్యానము అక్కరలేదు.

చేతిపనివానిని పరిశుద్ధ గ్రంథము చిన్నచూపు చూడలేదు. సొలొమోను మందిరము కట్టించినప్పుడు తూరునుండి హీరాము అను పనివానిని పిలిపించెను. రాజైన హీరాము వేరు, ఇతడు ఇత్తడి పనివాడు. మొదటి రాజులు 7వ అధ్యాయములో ఇతని పని బహు వివరముగా వ్రాయబడియున్నది. యాకీను, బోయజు అను స్తంభములు, ఇత్తడి సముద్రము, దానిని మోయు ఎద్దులు, అన్నియు ఇతని చేతి పనులే. అయితే ఆ పనులన్నిటికంటె ముందు ఆ గ్రంథము చెప్పిన మాట ఒకటి కలదు. ఇతడు నఫ్తాలి గోత్రపు విధవరాలి కుమారుడు. తండ్రి తూరువాడు. పరదేశమునుండి వచ్చిన మెకానిక్కు పేరు వ్రాయునప్పుడు అతని తల్లి ఏ గోత్రమో, ఆమె ఏ స్థితిలో నున్నదో కూడ వ్రాయించిన దేవుడు మన దేవుడు. మనము మాత్రము అతడు నెలకెంత పంపునో అదియే అడుగుదుము.

పంపు సంగతికి వత్తము. ఒక కువైటు దీనారు మన రూపాయలలో రెండు వందల యేబదికి పైబడి యున్నది. ఈ లెక్క విన్నవారికి కండ్లు మెరయును. అయితే ఆ దీనారులలో గది అద్దె, తిండి, ఫోను, ప్రయాణపు అప్పు తీసివేసి మిగిలినది చూడవలెను. పోవుటకు ముందే ఏజెంటుకు కట్టినది ఇక్కడ వడ్డీకి తెచ్చిన సొమ్ము. మొదటి సంవత్సరము పంపినదంతయు వడ్డీ వ్యాపారి గుమ్మము దాటి లోపలికి రాని యిండ్లు కలవు. ఇరుగుపొరుగువారు మాత్రము దుబాయి సొమ్ము వచ్చుచున్నదందురు. కువైటైనను మస్కటైనను మన ఊళ్లలో అన్నియు దుబాయే గదా.

లాబాను యాకోబు జీతమును పదిమారులు మార్చెను. మాట ఒకటి, చేతికి వచ్చినది ఒకటి. మందలో దొంగిలింపబడినదాని నష్టము కూడ యాకోబే భరింపవలసి వచ్చెను. ఇక్కడ ఏజెంటు చెప్పిన జీతమొకటి, అక్కడ కాగితముమీద వ్రాసినది మరియొకటి అయిన యెడల మన సహోదరుడు ఎవరితో చెప్పుకొనవలెను? అతని అకామా, అనగా నివాసపు అనుమతి, కఫీలు అని పిలువబడు యజమాని పేరుతో ముడిపడి యున్నది. పట్టి ఉంచబడిన కూలి మొరపెట్టునని యాకోబు పత్రిక 5వ అధ్యాయము 4వ వచనము చెప్పుచున్నది. ఆ మొర సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని బడునని మేము నమ్ముచున్నాము. అయితే ఆ నమ్మకమును సాకుగా చేసికొని మన చెవులు మూసికొనరాదు. కాబట్టి పోవువారికిని వారిని పంపువారికిని కొన్ని లౌకికమైన మాటలు ఈ పత్రికలో వ్రాయుట తప్పు కాదని తలంచుచున్నాము.

కువైటులో కంపెనీ పనికి ఇచ్చు వీసాను పదునెనిమిదవ నెంబరు వీసా యనియు, ఇంటి పనికి ఇచ్చు దానిని ఇరువదవ నెంబరు వీసా యనియు పోయి వచ్చినవారు చెప్పుకొందురు. ఆ సంఖ్యలు అచ్చటి నివాస చట్టములోని విధుల సంఖ్యలు. మెకానిక్కు పనికి పోవువాడు ఇంటి పని వీసాపై పోయి బయట పని చేసినయెడల పట్టుబడిన దినమున అతని ప్రక్క నిలుచు చట్టము లేదు. ఫ్రీ వీసా యని ఆశ చూపువారి మాట నమ్మకుడి. ఏజెంటుకు ప్రభుత్వపు లైసెన్సు కలదో లేదో ఈ-మైగ్రేట్ అను కేంద్ర ప్రభుత్వపు పట్టికలో చూచుకొనవచ్చును. సంఘములో చదువుకొన్న పడుచువాడు ఎవడైనను ఫోనులో చూచి చెప్పగలడు. పదవ తరగతి ప్యాసు కానివాని పాస్‌పోర్టు విషయములో, కువైటు వంటి దేశములకు పోవుటకు ప్రభుత్వపు అనుమతి కావలెను. అట్టివాడు ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద బీమా తీసికొనియే పోవలెను. దాని రుసుము పన్ను గాక రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు. ప్రమాదములో ప్రాణము పోయినయెడల ఇంటివారికి పది లక్షలు వచ్చును. పదవ తరగతి దాటిన మెకానిక్కుకు ఆ అనుమతి అక్కరలేదు గనుక ఆ నిర్బంధమును లేదు. అది సులువని సంతోషించి పోవును, బీమా లేకయే పోవును. మన రాష్ట్రపు ఏ.పి.ఎన్.ఆర్.టి. సొసైటీ నడుపు ప్రవాసాంధ్ర భరోసా బీమా ఇట్టివారికిని వర్తించును. బయలుదేరు దినమున పాస్టరుగారు తలమీద చేయి ఉంచి ప్రార్థించుటకు ముందు, బీమా కట్టితివా నాయనా అని అడిగినయెడల ఆ ప్రార్థనకు ఏ లోపమును రాదు.

2024 జూన్ 12వ తేదీ తెల్లవారుజామున కువైటులోని మంగఫ్ అను చోట పనివారు నివసించు మేడలో అగ్ని పుట్టి నలువదిమందికి పైగా మనదేశస్థులు చనిపోయిరి. ఎక్కువమంది కేరళవారు, మన ఆంధ్రులును వారిలో నుండిరి. వారు పనిలో చనిపోలేదు. పని ముగించి నిద్రించుచుండగా చనిపోయిరి. ఈ వార్త వచ్చిన దినమున మన ప్రాంతములో ఎన్ని యిండ్లలో పొయ్యి వెలుగలేదో ఎవరు లెక్కించిరి?

ఇక వారి ఆత్మీయ జీవితమును గూర్చి కొంచెము. అక్కడ ఆదివారము పనిదినము, సెలవు శుక్రవారము. కాబట్టి మన సహోదరులు శుక్రవారమున ప్రభువును ఆరాధించుచున్నారు. కువైటు పట్టణములో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషలవారు గంటల వంతున కూడుకొందురు. తెలుగువారును వారిలో నున్నారు. ఆ సంఘము యొక్క మూలము మనకు క్రొత్తది కాదు. అమెరికాలోని రిఫార్మ్డు సంఘమువారు 1853లో ఆర్కాటు మిషను స్థాపించిరి. జేకబ్ చేంబర్లేనుగారు 1863లో మదనపల్లెకు వచ్చిరి. ఆ సంఘమునకే చెందినవారు 1889లో అరేబియా మిషను ప్రారంభించి, తరువాత కువైటులో ఆసుపత్రి కట్టిరి. అది 1967 వరకు నడిచెను. ఆర్కాటు మిషనును స్థాపించిన స్కడ్డరుల వంశమువాడే యగు డాక్టర్ లూయిస్ స్కడ్డరుగారు అందులో దీర్ఘకాలము రోగులకు సేవచేసిరి. మదనపల్లెకు సువార్త తెచ్చిన చేతులును, కువైటులో రోగుల నాడి పట్టిన చేతులును ఒకే యింటివి. ఇప్పుడు మదనపల్లె బిడ్డ పనికొరకు అక్కడికి పోయి, ఆ చెట్టునీడనే తన భాషలో కీర్తన పాడుచున్నాడు. విత్తినవారు ఈ పంటను ఊహించియుండరు.

ఇంటి సంగతికి వత్తము, ఏలయనగా యాకోబు ప్రశ్న ఇంటిని గూర్చినదే.

కువైటు గడియారము మన గడియారముకంటె రెండున్నర గంటలు వెనుక. అతడు పని ముగించి, స్నానముచేసి, వంట చేసికొని ఫోను పట్టుకొను వేళకు అక్కడ రాత్రి తొమ్మిది. ఇక్కడ పదునొకండున్నర. బిడ్డ నిద్రపోయియుండును. తల్లి బిడ్డను లేపవలెనా, రేపు బడికి పోవలెను గదా యని తటపటాయించును. కొన్ని దినములు లేపును. బిడ్డ నిద్రమత్తులో అద్దములోని ముఖమును చూచి, నాన్నా అని ఒక మాట అని మరల పండుకొనును. తండ్రి ఆ ఒక్క మాటతో మరునాటి ఎండకు సిద్ధపడును. ఇది మన తెలుగు క్రైస్తవ కుటుంబ జీవితములో ఇప్పుడు సాధారణమైన సంగతి. దీనిని గూర్చి ప్రసంగములు ఎన్ని వచ్చినవి?

కుటుంబమును తీసికొనిపోరాదా అని అడుగువారున్నారు. 2024 జనవరిలో కువైటు ప్రభుత్వము కుటుంబ వీసాలను మరల ఇయ్య నారంభించినప్పుడు నెల జీతము 800 దీనారులు ఉండవలెనని నియమము పెట్టెను. సామాన్యపు మెకానిక్కు జీతము ఆ మెట్టు దరిదాపులకు రాదు. కావున భార్యాబిడ్డలు ఇక్కడనే, అతడు అక్కడనే. కుటుంబమును పోషించుటకు కుటుంబమును విడుచుట! తన యింటివారిని సంరక్షింపనివాడు విశ్వాసమును విడిచినవాడని పౌలు తిమోతికి వ్రాసెను. మన సహోదరుడు సంరక్షించుటకే పోయెను. అయితే సంరక్షణ అనునది డబ్బు పంపుటతో తీరునది కాదని అతనికిని తెలియును, మనకంటె ఎక్కువగా తెలియును. కావుననే రాత్రి తొమ్మిది గంటలకు ఫోను చేయుచున్నాడు.

అతని భార్య సంగతి చూడుడి. అప్పు చూచునది ఆమె, అత్తమామలకు మందులు తెచ్చునది ఆమె, బిడ్డ చదువు చూచునది ఆమె, ఇల్లు కట్టుచున్నయెడల మేస్త్రీతో సిమెంటు లెక్క వాదించునది ఆమె. భర్త ఊరిలో లేని స్త్రీ గనుక కొంచెము మంచి చీర కట్టిన ఒక మాట, బజారుకు పోయిన ఒక మాట. ఈ మాటలు పుట్టునది అన్యుల యిండ్లలో మాత్రమే కాదని చెప్పుటకు దుఃఖించుచున్నాము. స్త్రీల సమాజపు కూటము ముగిసిన తరువాత మెట్లమీద నిలిచి మాటలాడుకొను వేళలలోను పుట్టుచున్నవి. ఫోను మీద ఆ మాట ఎవరో భర్త చెవిలో వేయుదురు. వేల కిలోమీటర్ల దూరమున ఒక గదిలో ఎనిమిదిమంది మధ్య పండుకొన్న మనుష్యునికి ఆ మాట ఏమి చేయునో చెప్పువారు ఆలోచింపరు.

యాకోబు ఈ విషయములో మనకు మంచి మాదిరి చూపెను. తిరుగు ప్రయాణము నిశ్చయించుకొనునప్పుడు అతడు రాహేలును లేయాను పొలమునకు పిలిపించెను. జరిగినదంతయు, జీతము మార్చబడిన సంగతియు, దేవుడు చెప్పిన సంగతియు దాచక వారి యెదుట పెట్టెను. వారును తమ మనస్సులోనిది చెప్పిరి. వారి జవాబును పరిశుద్ధాత్ముడు వ్రాయించెను. ఇరువది సంవత్సరముల కష్టము తరువాత తీసికొన్న నిర్ణయము పొలములో ముగ్గురు కలిసి తీసికొన్నది. మన యిండ్లలో పంపిన సొమ్ము ఎవరి పేర బ్యాంకులో పడుచున్నది? అన్నపేరనా, తండ్రిపేరనా, లేక ఆ యింటిని మోయుచున్న భార్యపేరనా? వీసా నకలు, పని ఒప్పందపు నకలు, బీమా కాగితము ఇంటి పెట్టెలో నున్నవా? ఆపద వచ్చిన దినమున ఏ కంపెనీ, ఏ ఊరు అని అడిగినప్పుడు ఆ తల్లి జవాబు చెప్పగలదా? 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన మదద్ అను ఫిర్యాదుల మార్గములో దరఖాస్తు పెట్టవలెనన్నను పాస్‌పోర్టు నెంబరు కావలెను. ఈ కాగితములను పెట్టెలో పెట్టుట అవిశ్వాసము కాదు, ప్రేమ.

సంఘపెద్దలకు ఒక మాట. అనేక గ్రామ సంఘములలో గుడి గోడమీద గడియారము, పైకప్పు పంకాలు, మైకుసెట్టు, క్రొత్త గోపురము దూరదేశములో నున్న సహోదరుల కానుకలే. వారి పేర్లు పంకా రెక్కలమీద వ్రాయబడియున్నవి. కానుక ఇయ్యగల మనస్సు దేవుడిచ్చినదే, అందుకు స్తోత్రము. యాకోబును బేతేలులో దశమ భాగము మ్రొక్కుకొనెను గదా. అయితే పంకామీద పేరున్నవాని భార్య జ్వరముతో మూడు వారములు ఆరాధనకు రాకున్న ఎవరును అడుగకపోయిన సంఘము, ఆ పంకా క్రింద ఏ ముఖముతో కూర్చుండును? కోతపండుగకు కానుకకొరకు ఫోను చేయుటకు నెంబరు దొరకును, అతని తండ్రి ఆసుపత్రిలో నున్నప్పుడు రాత్రి తోడుండుటకు మనిషి దొరకడు. లాబాను కూడ యాకోబు వలన తనకు కలిగిన దీవెనను ఒప్పుకొనెను. దీవెన అతని వలన వచ్చెనని ఎరిగియే అతని యింటిని గూర్చి ఆలోచింపలేదు.

దూరదేశములో ఏదియు స్థిరము కాదు. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించినప్పుడు, ఇరువది యేండ్ల కష్టము ఒక్క వారములో పోగొట్టుకొనినవారు మన ప్రాంతములో నుండిరి. బస్సులలో ఎడారి దాటి జోర్డాను దేశపు అమ్మాను పట్టణము చేరిరి. ఎయిరిండియా విమానములు అక్కడనుండి లక్షకు పైగా మనవారిని బొంబాయికి చేర్చెను. దీనారులు కట్టలుగా చేతనున్నను వాటిని రూపాయలుగా మార్చువాడు లేడు. చాలమంది మరల అక్కడికే పోయిరి. ఇక్కడ పని ఉండినయెడల ఏల పోవుదురు?

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో ఇట్టి కుటుంబమొకటి యున్నది. అకుల పొంతులో పుట్టెను, రోమాలో కాపురముండెను. యూదులందరు రోమా విడిచి పోవలెనని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపింపగా భార్యయైన ప్రిస్కిల్లతో కొరింథునకు వచ్చెను. చేతిలో నున్నది డేరాల పని. ఆ పనియే వారిని పౌలుతో కలిపెను. తరువాత ఎఫెసులో వారి యింట సంఘము కూడెను, రోమాకు తిరిగి పోయిన పిమ్మట అక్కడను వారి యింటనే సంఘము కూడెను. ఒక రాజాజ్ఞ వెళ్లగొట్టిన పనివాని ఇల్లు మూడు పట్టణములలో మనకు కనబడుచున్నది. ఇక్కడ భార్యాభర్తల పేర్లు ఎప్పుడును జంటగానే వచ్చును. కొన్ని చోట్ల ఆమె పేరే ముందు.

రాజాజ్ఞలు నేటికిని మారలేదు. ఆఫ్రికా ఖండపు పడమటి తీరమున ఘానా దేశమున్నది. ఆ దేశమువారు కష్టజీవులు. మెకానిక్కులుగా, ఎలక్ట్రీషియనులుగా, ఉపాధ్యాయులుగా నైజీరియాకు పోయి బ్రదుకుచుండిరి. 1983 జనవరిలో కాగితములు లేని పరదేశులు కొద్ది వారములలో దేశము విడువవలెనని నైజీరియా ఆజ్ఞ ఇచ్చెను. పది లక్షలకు మించిన ఘానావారు దొరికిన లారీలలో, పడవలలో బయలుదేరిరి. వారు సామాను కుక్కుకొన్న గళ్ల ప్లాస్టిక్ సంచికి ఘానా పోవలెను అని అర్థమిచ్చు పేరు ఆ దేశములో నిలిచిపోయెను. మన బస్టాండులలో, రైళ్లలో కనబడు ఆ సంచియే. అయితే ఈ కథకు వెనుక భాగమొకటి యున్నది. 1969 నవంబరులో ఆ ఘానా ప్రభుత్వమే, కాగితములు లేని పరదేశులు రెండు వారములలో పోవలెనని ఆజ్ఞ ఇచ్చియుండెను. అప్పుడు సంచి మూట కట్టినవారిలో నైజీరియావారే అనేకులు. నిన్న వెళ్లగొట్టినవాడు నేడు వెళ్లగొట్టబడెను.

ఇది దూరపు ముచ్చట యనుకొనకుడి. తిరుపతిలో, తిరుచానూరులో లేచుచున్న లాడ్జీలకు ఇటుక మోయువారెవరు? హోటళ్లలో బల్లలు తుడుచువారెవరు? ఒడిస్సానుండి, బీహారునుండి, వంగదేశమునుండి వచ్చిన పడుచువాండ్రు. ఒక రేకుల గదిలో పదిమంది పండుకొనుచున్నారు. వారును రాత్రి పదునొకండు గంటలకు ఫోను పట్టుకొని ఎవరో బిడ్డ మేలుకొనునేమో యని చూచుచున్నారు. పరదేశిని నీవలె ప్రేమింపుమని లేవీయకాండము 19వ అధ్యాయములో, వాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇమ్మని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఆజ్ఞ కలదు. కొడుకును కువైటుకు పంపిన తండ్రి తన యింటి కట్టడమునకు వచ్చిన ఒడియా కుఱ్ఱవాని కూలిలో ఇరువది రూపాయలు కోయుట మన విశ్వాసుల యిండ్లలో జరుగరాదు. మన ప్రాంతమునకు సువార్త తెచ్చిన హెర్మన్స్‌బర్గు మిషనరీలును జర్మనీనుండి వచ్చిన పరదేశులే. మన భాషలో వారు తడబడినప్పుడు మన పెద్దలు వారికి మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టిరి గనుక ఈ దినమున మనకు గుడి యున్నది.

యాకోబు కథకు తిరిగి వత్తము. ఇరువది సంవత్సరముల తరువాత అతడు కుటుంబముతో స్వదేశమునకు నడచి వచ్చుచుండగా ఏశావు ఎదురువచ్చెను. ఇద్దరు కౌగిలించుకొని ఏడ్చిరి. కలిసి పోదము రమ్మని ఏశావు పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. ముప్పది మూడవ అధ్యాయము పదుమూడు, పదునాలుగు వచనములు చూడుడి. పిల్లలు పసివారు, నీవు ముందు నడువుము, నేను వారి అడుగు సాగినంత మెల్లగా వచ్చెదనని మనవి చేసెను. లాబాను మందల వెంట ఇరువది యేండ్లు పరుగెత్తినవాడు ఇప్పుడు తన బిడ్డల అడుగుల లెక్కన నడచుటకు కోరుచున్నాడు.

మన సహోదరునికి రెండేండ్లకొకసారి రెండు నెలల సెలవు దొరకును. అతడు వచ్చిన దినమున బిడ్డ తల్లి చెంగు వెనుక దాగును. ఫోనులోని నాన్న వేరు, వాకిట నిలిచిన ఈ మనిషి వేరు. దగ్గరకు వచ్చుటకు ఒక వారము, భుజమెక్కుటకు రెండు వారములు, రాత్రి ప్రక్కన పండుకొనుటకు నెల పట్టును. అప్పటికి సగము సెలవు అయిపోవును. కాబట్టి, సంఘపెద్దలారా, అన్నలారా, అతడు ఊరికి వచ్చినాడని తెలియగానే చందా పుస్తకము చంకన పెట్టుకొని బయలుదేరవద్దు. సాక్ష్యము చెప్పుమని మొదటి ఆదివారమే మైకు చేతికియ్యవద్దు. ఆ యింటికి పోవలెనన్న పోవుడి, ఒక గ్లాసు కాఫీ త్రాగి, బిడ్డ తండ్రి దగ్గరకు వచ్చినదా అని అడిగి, ప్రార్థనచేసి లేచి రండి. గోపురపు పని రెండు నెలలు ఆగును.